స్టూడియో ఫోన్ ఎత్తే మనిషేడీ?

సంపాదకులు గారికి,

నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలకు ప్రైవేటు ఎఫ్ఎం రేడియో రాబోతోందని మీ జిల్లా పేజీలో వేసిన వార్త చదివాను. మన రాష్ట్రంలో 22 పట్టణాలకు 68 చానళ్లు, తెలంగాణలో 10 పట్టణాలకు 31, దేశం మొత్తమ్మీద 234 ఊళ్లకు 730 అని లెక్క బాగానే ఇచ్చారు. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన వేలం ఇది. దీనివల్ల స్థానిక యాసకు, సంస్కృతికి ఊతం దొరుకుతుందని, కొత్త ఉద్యోగాలొస్తాయని ప్రభుత్వం చెప్పిన మాట కూడా వేశారు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. చేతిలో టీ చల్లారిపోయింది.

నాది ఆమదాలవలస దగ్గర ఒక పల్లె. 2007 నుంచి 2019 దాకా విశాఖపట్నంలో ఒక ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లో ప్రొడ్యూసర్‌గా పనిచేశాను. ఏ స్టేషనో రాయను. రాస్తే నా కోపం తీరుతుందేమో గానీ ఈ ఉత్తరం పని జరగదు. ఇప్పుడు గోపాలపట్నంలో చిన్న గది అద్దెకు తీసుకుని ఆటో మైకు ప్రకటనలు రికార్డు చేస్తుంటాను. 'పాత ఇనుము, పాత ఫ్రిజ్‌లు, పాత కూలర్లు కొంటాం' అని మీ వీధిలో వినపడే గొంతు నాదే కావచ్చు. మధ్యాహ్నం నిద్ర చెడగొట్టినందుకు ముందే క్షమించండి.

మా స్టేషన్ తెరిచినప్పుడు ఇరవై రెండు మందిమి. అందరూ విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వాళ్లే. బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. రేడియో స్టూడియోలో ఫోన్ మోగదు. మైకు తెరిచి ఉన్నప్పుడు మోగితే ఆ చప్పుడు ఊరంతా వినపడుతుంది కాబట్టి గంట తీసేసి, కన్సోల్ పక్కన ఒక ఎర్ర లైటు పెడతారు. ఫోన్ వస్తే ఆ లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. ప్రొడ్యూసర్ ఉద్యోగంలో ముప్పాతిక వంతు ఆ లైటు వంక చూస్తూ కూర్చోవడమే. మా అమ్మకు ఇది ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. 'లైటు చూస్తే జీతమిస్తారా?' అనేది.

ఆ ఫోన్ పక్కన రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం ఒకటి ఉండేది. ఫోన్ చేసినవాళ్లలో పనికొచ్చే మనిషి అనిపిస్తే అందులో నంబరు, పక్కన ఒక్క ముక్క రాసుకునేవాణ్ణి. 'కంచరపాలెం మెట్టు, ఆటో, పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ఎన్ఏడీ వైపు.' 'జాలారిపేట, పడవ, గాలి సంగతి అడగొచ్చు, తిక్కగా మాట్లాడతాడు గానీ నిజం చెప్తాడు.' 'కేజీహెచ్ ఆస్పత్రి ఎదురు మందుల షాపు, రాత్రంతా తెరిచే ఉంటుంది.' 'మల్కాపురం టీచరమ్మ, లెక్కలు, పరీక్షల రోజుల్లో.' ఇలా మూడేళ్లలో పుస్తకం నిండిపోయింది. వర్షం పడితే ఏ రోడ్డు మీద నీళ్లు నిలిచాయో మున్సిపల్ ఆఫీసు కంటే మాకే ముందు తెలిసేది. ఇందులో గొప్పేం లేదు. రోడ్డు మీద ఉన్నవాడు ఫోన్ చేసేవాడు, మేం ఎత్తేవాళ్లం.

పొద్దున షో చేసే అమ్మాయిది పెందుర్తి. మైకు ముందు 'ఏటి బావూ, ఇంకా లెగలేదేటి?' అనేసింది మొదటి వారంలోనే. మేనేజరు కంగారుపడ్డాడు. సాయంత్రానికి ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది. ఒకామె ఫోన్ చేసి, 'మా యింట్లో మాట్లాడినట్టే మాట్లాడతన్నావే అమ్మా, నువ్వెవరి పిల్లవి?' అని అడిగింది. సినిమాల్లో మా యాసను నవ్వులకు, పనివాళ్ల పాత్రలకు వాడటం చూసీ చూసీ అలవాటైపోయినవాళ్లకు, అదే యాసలో రేడియో టైం చెప్తే, వాన సంగతి చెప్తే, పాట పేరు చెప్తే ఎలా ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

గిరిప్రదక్షిణ రాత్రి సంగతి ఒకటి రాయాలి. సింహాచలం కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు మధ్యాహ్నం మొదలైతే తెల్లవార్లూ జనమే. ఆ రాత్రికి మేం షో ఆపేవాళ్లం కాదు. ఎక్కడ మజ్జిగ ఇస్తున్నారు, ఎక్కడ మంచినీళ్లు అయిపోయాయి, కాళ్లు బొబ్బలెక్కినవాళ్లకు ఏ శిబిరంలో మందు రాస్తున్నారు, ఇవే మా ప్రోగ్రాం. మధ్యలో పాటలు. ఒక ఏడాది రాత్రి పదకొండు దాటాక అప్పుఘర్ దగ్గర మజ్జిగ పంచే కుర్రాళ్లు ఫోన్ చేశారు. అయిదేళ్ల పిల్లాడు తప్పిపోయి తమ దగ్గర ఉన్నాడని. పేరు అడిగితే 'అప్పన్న' అంటున్నాడట. ఆ రాత్రి ఆ దారిలో నడిచే అప్పన్నలు ఎన్ని వేలమందో ఆ సింహాద్రి అప్పన్నకే తెలియాలి. ఇంకేం గుర్తులున్నాయని అడిగాను. పసుపు చొక్కా, చేతిలో సగం తిన్న మొక్కజొన్న పొత్తు, ఎంత అడిగినా వదలడం లేదు అన్నారు. పేరు వదిలేసి పొత్తు సంగతి చెప్పమన్నాను. పాట పాటకీ మధ్య చెప్పాం. నలభై నిమిషాల తర్వాత వెంకోజీపాలెంలో టీ కొట్టు దగ్గర కూర్చున్న ముసలమ్మ వినింది. 'ఆ పొత్తు కొనిచ్చింది నానే' అని కొట్టువాడి ఫోన్ లాక్కుని మాకు చేసింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ప్రైవేటు ఎఫ్ఎం మూడో విడత విధానాన్ని కేంద్రం 2011 జులైలో తెచ్చింది. పాత లైసెన్సులున్న కంపెనీలు 2015లో డబ్బు కట్టి అందులోకి మారాయి. ఆ విధానంలో ఒక వెసులుబాటు ఉంది. ఒక కంపెనీ తన ప్రోగ్రాంని దేశమంతటా తనకున్న అన్ని స్టేషన్లలోనూ వేసుకోవచ్చు. దాన్ని నెట్‌వర్కింగ్ అంటారు. కాగితం మీద చూస్తే చిన్న సౌకర్యంలా ఉంటుంది. మా స్టేషన్లో అది మొదట రాత్రి షోని తినేసింది. 'రాత్రి ఎవరు వింటారు, పెద్ద ఊరి ప్రోగ్రాం వేసేద్దాం' అన్నారు. ఆరు నెలలకు మధ్యాహ్నం పోయింది. తర్వాత సాయంత్రం. చివరికి పొద్దున నాలుగు గంటలు మాత్రం మాకు మిగిలాయి. మిగతాదంతా హైదరాబాద్‌లో ఒక కుర్రాడు ముందురోజు మాట్లాడిపెట్టిన వాయిస్ ట్రాకులు, కంప్యూటర్ పేర్చిన పాటలు.

ఆ వాయిస్ ట్రాకులు ఎలా చేసేవారో చెప్తే నవ్వొస్తుంది. 'హలో వైజాగ్', 'హలో విజయవాడ', 'హలో' ఇంకో ఊరు అని విడివిడిగా పలికించి పెట్టుకునేవారు. వెనకాల 'వెదర్ సూపర్‌గా ఉంది కదా' అన్నది అన్ని ఊళ్లకూ ఒకటే. మే నెల ఉక్కపోతలో బట్టలు పిండుకుంటున్న విశాఖ జనానికి వెదర్ సూపర్‌గా ఉందని వారం రోజులు చెప్పాం. ట్రాఫిక్ ముక్క మాత్రం నేను ఇంగ్లీషులో టైపు చేసి మెయిల్ పంపేవాణ్ణి, ఆ కుర్రాడు చదివేవాడు. ఒకరోజు 'నాడ్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ కాస్త స్లోగా ఉంది ఫ్రెండ్స్' అన్నాడు. అతని తప్పేం లేదు. కాగితం మీద ఉన్నవి మూడు ఇంగ్లీషు అక్షరాలు. ఎన్ఏడీ అంటే నేవల్ ఆర్మమెంట్ డిపో అని, దాన్ని అక్షరం అక్షరం పలుకుతామని అక్కడెక్కడో కూర్చున్నవాడికి ఎవరు చెప్తారు? ఎర్ర లైటు వెలిగింది. నా పాత కంచరపాలెం ఆటో ఆయనే. 'బావూ, ఈ నాడ్ ఏ ఊర్లో ఉంది? కిరాయొస్తే ఎల్తాను' అన్నాడు.

ఆ తర్వాతి ఆషాఢంలో గిరిప్రదక్షిణ సాయంత్రం మా ఫ్రీక్వెన్సీ మీద ఆదివారం బోనాలకు సికింద్రాబాద్‌లో ట్రాఫిక్ మళ్లింపులు ఎక్కడెక్కడో చెప్పారు. బోనాలు మాకు పరాయివి కావు, అమ్మవారు ఎక్కడైనా అమ్మవారే. కానీ అదే గంటకు తొలిపావంచా దగ్గర లక్షల మంది బయల్దేరుతున్నారు. వాళ్లకు సికింద్రాబాద్ రోడ్లతో పనేమిటి? ఆ రాత్రి నేను కిటికీ దగ్గర నిలబడి కింద నడిచే జనాన్ని చూస్తూ ఉండిపోయాను. చేతిలో పని లేక.

పెందుర్తి అమ్మాయికి అంతకుముందే ఒక మెయిల్ వచ్చింది, 'న్యూట్రల్ తెలుగు' మాట్లాడమని. న్యూట్రల్ తెలుగు ఏ మండలంలో మాట్లాడతారని అడిగింది. జవాబు రాలేదు. ఆమె మానేసింది. ఇప్పుడు మధురవాడలో బ్యూటీపార్లర్ నడుపుతోంది. అక్కడ ఆమె మాటలు వినడానికే వచ్చేవాళ్లున్నారని మా ఆవిడ చెప్పింది.

యజమానుల వైపు మాటా చెప్పాలి, లేకపోతే అన్యాయం. వేలంలో కట్టిన డబ్బు, మొత్తం ఆదాయంలో 4 శాతం ఏటా ప్రభుత్వానికి ఫీజు, టవర్ అద్దె, పాటల రాయల్టీ, కరెంటు బిల్లు, ఇవన్నీ నిజమైన ఖర్చులే. పాటలు ఫోన్లో ఊరికే దొరికే రోజులు వచ్చాక రేడియోకి ప్రకటనలు తగ్గడమూ నిజమే. ఒక పెద్ద రేడియో కంపెనీ అప్పుల పాలై దివాలా కేసులో చేతులు మారడం కూడా చూశాం. ఇన్ని ఊళ్లలో ఇన్ని స్టేషన్లు నడిపేవాడు ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే తప్పని నేననను.

తగ్గించింది ఎక్కడ అన్నదే నా బాధ. గాజువాకలో ఒక బట్టల షాపు ఆయన మా దగ్గర ఏళ్ల తరబడి ఆషాఢం సేల్‌కి స్పాట్లు వేయించేవాడు. నెట్‌వర్క్ మొదలైన రెండో ఏడాది మానేశాడు. మా సేల్స్ కుర్రాడితో పాటు నేనూ వెళ్లి బతిమాలాను. కౌంటర్ మీద గుడ్డ మడతపెడుతూ ఆయన అన్న మాట ఇది: 'మీవాడికి గాజువాక ఎక్కడుందో తెలీదు. వాడు రమ్మంటే మా వూరోళ్లు ఎందుకొస్తారు సార్? ఇదివరకు మీ పిల్ల చెప్తే ఆ పిల్ల కోసమైనా వచ్చేవారు.' ఆయన ఒక్కడే కాదు, కోచింగ్ సెంటర్లు, మిఠాయి కొట్లు, ఒక్కొక్కరే జారిపోయారు. మనుషుల్ని తగ్గిస్తే ఊరి ప్రకటనలు తగ్గాయి, ప్రకటనలు తగ్గాయని మళ్లీ మనుషుల్ని తగ్గించారు. ఇరవై రెండు మందిమి ఏడుగురమయ్యాం. ఏడుగురిలో నలుగురు సేల్స్. 2019 మార్చి ఆఖరున నన్ను పిలిచి కాఫీ ఇచ్చి చెప్పారు. కాఫీ బాగుంది, అది కాదనను.

2020 మే 7. లాక్‌డౌన్ రోజులు. ఆ తెల్లవారుజాము మూడు గంటల వేళ ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ గ్యాస్ బయటికొచ్చింది. మా ఇల్లు అక్కడికి దూరమేం కాదు. సైరన్ ఏదీ వినపడలేదు. కుక్కలు ఏడుపు లాంటి అరుపు అరిచి ఒక్కసారిగా ఆగిపోయాయి, దానికి మెలకువ వచ్చింది. కళ్లు మండుతున్నాయి. వీధిలో ఎవరో 'గ్యాస్, గ్యాస్' అంటూ తలుపులు బాదుకుంటూ వెళ్తున్నారు. వంటింటి సిలిండర్ అనుకుని మా ఆవిడ స్టవ్ దగ్గరికి పరిగెత్తింది. అమ్మను మధ్యలో కూర్చోబెట్టుకుని ముగ్గురం స్కూటర్ ఎక్కాం. ఎటు పోవాలి? తెలీదు. గాలి ఎటు వీస్తోందో తెలీదు. మేం పారిపోతున్న వైపు నుంచే ఎదురొచ్చేవాళ్లు కనిపించారు, వాళ్లూ పారిపోతున్నారు. గోశాల జంక్షన్ దాటి అడవివరం వైపు పోయి, ఒక చెట్టు కింద ఆగాం. అమ్మ వాంతి చేసుకుంది.

ఇయర్‌ఫోన్లు జేబులో ఉండటం నాకు పాత అలవాటు. ఫోన్లో రేడియోకి ఆ తీగే ఏరియల్. పెట్టుకుని నేను పన్నెండేళ్లు పనిచేసిన ఫ్రీక్వెన్సీ తిప్పాను. ప్రేమ పాట వస్తోంది. అది అయ్యాక చేతులు సబ్బుతో ఇరవై సెకన్లు కడుక్కోమని కోవిడ్ ప్రకటన. మళ్లీ ప్రేమ పాట. స్టూడియో నంబరు నాకు నిద్రలో అడిగినా చెప్తాను. చేశాను. రింగ్ వెళ్తోంది. మళ్లీ చేశాను. వెళ్తోంది. చీకటి గదిలో కన్సోల్ పక్కన ఆ ఎర్ర లైటు వెలిగి ఆరుతూ వెలిగి ఆరుతూ ఉంటుందని నాకు తెలుసు. అక్కడ కూర్చుని చూసే ఉద్యోగం నాది. ఆ ఉద్యోగం తీసేశారు. నేను ఇక్కడ చెట్టు కింద నిలబడి ఫోన్ చేస్తున్నాను.

ఆరుకు కాస్త ముందు హైదరాబాద్‌లో ప్రోగ్రామింగ్ చూసే పాత మిత్రుడు ఫోన్ ఎత్తాడు. నిద్రలోంచి లేచి పాపం చాలా కంగారుపడ్డాడు. చేయగలిగింది అతనికీ లేదు. విశాఖలో సిస్టమ్ ఆపి మైకు తెరిచే మనిషి లేడు, ఇంట్లో ఉన్నవాడు స్టూడియోకి పోవాలంటే లాక్‌డౌన్ పాస్ కావాలి. చివరికి పొద్దున షో చేసే కుర్రాడు ఇంట్లో ఫోన్లో మాట్లాడి రికార్డు చేసి హైదరాబాద్ పంపితే, అక్కణ్ణుంచి విశాఖ గాల్లోకి వచ్చేసరికి ఎనిమిదిన్నర. అప్పటికి టీవీల్లో దేశమంతా చూసేసింది.

ఆ గ్యాస్‌కు 12 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. వందల మంది ఆస్పత్రుల్లో చేరారు. రేడియో పలికి ఉంటే ఆ పన్నెండు మంది బతికేవారని నేను అనను. నిద్రపోయేవాణ్ణి రేడియో లేపదు. తలుపులు కొట్టి లేపింది పోలీసులు, పక్కింటివాళ్లు. కానీ లేచి రోడ్డెక్కిన వేలమంది చేతుల్లో ఫోన్లున్నాయి. ముక్కుకి తడిగుడ్డ కట్టుకోండి, ఫలానా వైపు పోవద్దు, ఫలానా దారిలో అంబులెన్సులున్నాయి అని మనిషి గొంతు ఒకటి అయిదు నిమిషాలకోసారి చెప్పి ఉంటే చాలు. పొత్తు పట్టుకున్న పిల్లాడి కోసం నలభై నిమిషాలు మాట్లాడిన ఫ్రీక్వెన్సీయే అది.

తర్వాత నిద్రపట్టని రాత్రుల్లో ఫోన్లో వెతుకుతుంటే ఒక ఊరి సంగతి కనపడింది. అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలో మైనాట్ అని చిన్న పట్టణం. 2002 జనవరి 18 అర్ధరాత్రి దాటాక అక్కడ గూడ్సు రైలు పట్టాలు తప్పి అమ్మోనియా ఊరి మీదకు కమ్మేసింది. ఒకరు చనిపోయారు, వందల మంది బాధపడ్డారు. ఆ ఊళ్లో ఆరు వాణిజ్య రేడియో స్టేషన్లుంటే ఆరూ క్లియర్ చానల్ అనే ఒకే కంపెనీవి. జనాన్ని హెచ్చరించమని పోలీసులు స్టేషన్‌కి ఫోన్ చేస్తే మనిషి దొరకలేదు. హెచ్చరిక యంత్రం వాడటం పోలీసులకే రాలేదని కంపెనీ వాదించింది. అది వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు. నాకు కనిపించింది వేరే. అక్కడ 1996లో ఒక చట్టం చేసి, దేశం మొత్తమ్మీద ఒక కంపెనీ ఇన్ని స్టేషన్లకు మించి పెట్టుకోకూడదన్న హద్దు ఎత్తేశారు. కొన్నేళ్లలో ఆ కంపెనీ చేతిలో పన్నెండు వందలకు పైగా స్టేషన్లు చేరాయి. మన దగ్గరా, దేశంలోని ఎఫ్ఎం చానళ్లలో 15 శాతం మించి ఒకరి చేతిలో ఉండకూడదన్న హద్దు ఒకటి ఉండేది. 2022 అక్టోబరులో తీసేశారు. మీ పత్రికతో సహా ఎక్కడా పెద్దగా చర్చ జరిగినట్టు నాకు గుర్తు లేదు.

ప్రైవేటు ఎఫ్ఎంలకు వార్తలు చదివే అనుమతి లేదు కదా, వాళ్లేం చేస్తారు అని కొందరు మిత్రులు అంటారు. వార్తలకు అనుమతి లేని మాట నిజం. ఆకాశవాణి వార్తల్నే అక్షరం మార్చకుండా వేసుకోవాలి. కానీ అదే విధానంలో, ట్రాఫిక్, వాతావరణం, కరెంటు, నీళ్లు, ప్రకృతి వైపరీత్యాలు, ఆరోగ్య హెచ్చరికలు, వీటి మీద స్థానిక అధికారులు ఇచ్చే సమాచారం వార్తల కిందికి రాదు, చెప్పుకోవచ్చు అని ఉంది. ఆ తెల్లవారుజామున నిబంధన ఏదీ అడ్డురాలేదు. కలెక్టరాఫీసు వాళ్లు సమాచారం ఇద్దామన్నా తీసుకునే మనిషి లేడు, అంతే. గంటకు పది నిమిషాలు వార్తలు వేసుకోనివ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023 సెప్టెంబరులో సిఫారసు చేసింది. మంచిదే. ఆ పది నిమిషాలు కూడా ముందురోజు హైదరాబాద్‌లోనే చదివి పెడితే శ్రీకాకుళం వార్త ఎవరు రాస్తారు?

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో చెప్పింది. ఆ తీర్పు రాసినవాళ్లలో మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. పొలం కౌలుకిస్తే దున్నుతున్నావా లేదా అని రైతు అడుగుతాడు. ఇక్కడ 730 చానళ్లకు 784 కోట్ల 87 లక్షలు రిజర్వు ధర, అదే వేలంలో కనీస ధర, పెట్టారు, అంటే సగటున ఒక్కోదానికి కోటీ ఏడు లక్షలు. డబ్బు ఎంతో చెప్పారు గానీ స్టూడియోలో మనిషి ఎన్ని గంటలుంటాడో ఎవరూ అడగడం లేదు. నేను అడగమంటున్నది అదే. శ్రీకాకుళం, విజయనగరం లైసెన్సులు ఇచ్చేముందు, రోజుకు ఇన్ని గంటలు ఆ ఊళ్లో కూర్చున్న మనిషి ప్రత్యక్షంగా మాట్లాడాలి అని రాసివ్వమనాలి. రాత్రి కూడా మైకు తెరవడం వచ్చిన ఒక్క మనిషైనా స్టూడియోలో ఉండాలి. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ దగ్గర ఆ స్టూడియో నంబరు ఉండాలి, నెలకోసారి ఎవరో ఒకరు అర్ధరాత్రి ఫోన్ చేసి ఎత్తుతున్నారో లేదో చూడాలి. ఇదేమంత ఖర్చు? జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008లో సంఘం రేడియో మొదలుపెట్టి, తమ మాటల్లో తమ పంటల సంగతులు చెప్పుకున్నారు. వాళ్ల వెనక ఏ పెద్ద రేడియో కంపెనీ లేదు.

మా వైపు నదులు ఒడిశా కొండల్లోంచి వస్తాయి. అక్కడ వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే వంశధార పొంగుతుంది, గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తుతారు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టం చేసింది. అప్పుడక్కడ ప్రైవేటు ఎఫ్ఎం లేదు కాబట్టి ఎవర్నీ అనలేం. ఈసారి ఉంటుంది. ఆ రాత్రి దాంట్లో 'హలో శ్రీకాకుళం, వెదర్ సూపర్' అని వస్తే మాత్రం, వేలం డబ్బు లెక్కపెట్టినవాళ్లంతా వినాలని నా కోరిక. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను తిరిగే మంగళవారం ఊళ్లో కాలు పెట్టే చోటుండదు. ఆ రోజు తప్పిపోయే పిల్లలు ఎంతమందో టూ టౌన్, వన్ టౌన్ పోలీసుల్నే అడగండి.

ఆకాశవాణి గురించి ఏమీ రాయలేదేమని మీ పాఠకులు అడగొచ్చు. ఆమదాలవలసలో మా నాన్న ప్రాంతీయ వార్తల టైముకి గడియారం సరిచేసుకునేవాడు. దాని బాధలు దానికున్నాయి. అది ఇంకో ఉత్తరం.

చివరగా ఒక మాట. ఉద్యోగం పోయిన రోజు ఆ రూళ్ల పుస్తకం సంచిలో వేసుకుని వచ్చేశాను. అది కంపెనీదో నాదో తెలీదు, అడిగినవాళ్లూ లేరు. విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో స్టేషన్ తెరిచేవాళ్లు రాత్రికి మనిషిని పెట్టే పనైతే, అలాంటి పుస్తకం ఎలా రాసుకోవాలో చూసుకోవడానికి జిరాక్సు తీసి ఇస్తాను, డబ్బులక్కర్లేదు. నంబర్లు చాలా వరకు మారిపోయి ఉంటాయి. కంచరపాలెం ఆటో ఆయనది స్విచ్ఛాఫ్ అని వస్తోంది. మొన్న రాత్రి ఒంటిగంటకు కేజీహెచ్ ఎదురు మందుల షాపుకి చేసి చూశాను. ఎత్తారు.

ఇట్లు,
ఒక మాజీ రేడియో ప్రొడ్యూసర్,
గోపాలపట్నం, విశాఖపట్నం.
(పేరు వేయవద్దని మనవి)